గుమ్మడి పాదులకు ఎరువుల పోషణ

(బిచ్కుంద రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సమావేశమునకు వచ్చుచు త్రోవలో నొక కంది చేని గట్టున కొంతసేపు నిలిచితిని. చేని యంచున పెట్టిన గుమ్మడి తీగలు అల్లుకొని, చేటలంత ఆకులతో నేల కనబడకుండ కప్పివేసినవి. చూచుటకు కన్నులపండువుగా నుండెను. చేని యజమానుని "కాయ లెన్ని దిగినవి?" అని యడిగితిని. ఆయన తల గోకికొని, "ఆకు మంచిగనే ఉన్నదయ్యా, కాయే లేదు. ఇంకొక బస్తా యూరియా వేయవలెనేమో" అనెను. నేడు మీకు నేను విన్నవింపదలచిన సంగతి యంతయు ఆ యొక్క మాటలో నున్నది. ఆ బస్తా వేసినచో ఆయన రూకలు పోవును. అంతకంటె విలువైన మూడు నాలుగు వారముల కాలము పోవును. కాయ మాత్రము రాదు. ఏల రాదో, ఏమి చేసిన వచ్చునో చెప్పుటకే వచ్చితిని.

మొక్కకు నేలనుండి కావలసిన ముఖ్యాహారములు మూడు: నత్రజని, భాస్వరము, పొటాషు. ఇవిగాక సున్నము, మెగ్నీషియము, గంధకము ఒక మోస్తరుగాను, జింకు, ఇనుము, బోరాను మొదలైనవి చిటికెడు చొప్పునను కావలెను. వీనిలో ఒకదానికి బదులు మరియొకటి పనికిరాదు. జర్మనీ దేశమున స్ప్రెంగెల్ అను శాస్త్రజ్ఞుడు 1828 ప్రాంతమున ఈ విషయమును చెప్పగా, తరువాత లీబిగ్ అను నాయన దానిని లోకమున వ్యాపింపజేసెను. నేలలో ఏ పదార్థము అన్నిటికంటె కొరవగా నున్నదో అదియే పంటకు హద్దు గీయునని వారి సిద్ధాంతము. మనకిది క్రొత్త గాదు. చెరువు కట్ట యెంత యెత్తుగా నున్నను ఒకచోట కుంగియున్నచో, నీరు ఆ కుంగిన చోటి మట్టమునకే నిలుచును. తక్కిన కట్టపై నెన్ని బండ్ల మన్ను పోసినను జానెడు నీరైనను పెరుగదు. కంది చేని యజమానుడు చేయదలచిన పని అట్టిదే. ఆయన కట్ట కుంగినది నత్రజని చోట గాదు.

నత్రజని సంగతి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయన మనవారు ఎక్కువగా పొరబడునది ఇక్కడనే. నత్రజని ఆకును, తీగను పెంచును. ఆకు లేనిదే పంట లేదు గనుక మొదటి నెలలో ఇది మొక్కకు తప్పక కావలెను. ఇది చాలనిచో ముందుగా ముదురాకులు లేత పసుపు రంగునకు తిరుగును, తీగ సన్నగిల్లును, కాయ చిన్నదగును. కాని హెచ్చయినచో కీడు మరియొక విధముగా వచ్చును. గుమ్మడి, సొర, బీర, కాకర మొదలైన పాదుజాతి మొక్కలలో మగపువ్వు వేరు, ఆడుపువ్వు వేరు. ఆడుపువ్వు క్రింద చిన్న పిందె ముందే యుండును; మగపువ్వునకు సన్నని కాడ మాత్రమే యుండును. నత్రజని మితిమీరిన పాదు తీగను సాగదీయుటయందే తన బలమంతయు వెచ్చించి ఆడుపువ్వును ఆలస్యముగా పూయును. మగపూలు విస్తారముగా పూచి రాలిపోవుచుండును. ఆకుల గుబురులో గాలి యాడక బూడిద తెగులు చేరును. లేతయాకు పురుగునకు విందగును.

ఈ తప్పు నేనును చేసితిని గనుక సంకోచము లేకుండ చెప్పుచున్నాను. ఉద్యోగమున క్రొత్తగా చేరిన దినములలో మా యింటి పెరటిలో రెండు గుమ్మడి పాదులు పెట్టితిని. ఒకదానికి మా తల్లిగారు గుంతలో పశువుల పెంట వేసి ఊరకుండిరి. రెండవదానికి నా చదువు చూపదలచి వారమువారమును గుప్పెడు గుప్పెడు యూరియా వేసితిని. నా పాదు ప్రహరీగోడ దాటి పొరుగువారి కప్పు నెక్కెను. ఆమె పాదు పెరటిలోనే యుండి ఏడు కాయలు కాచెను. నా పాదు కాచినవి రెండు. అందొకటి నిలువయుండక పదునైదు దినములలోనే కుళ్ళిపోయెను. ఆమె నన్ను ఒక్కమాటయు అనలేదు గాని, ఆ యేడు ఇంటికి వచ్చిన బంధువుల కందఱకును గోడమీది తీగను మాత్రము చూపించెను.

మగపూల మాట వచ్చినది గనుక ఒక సంగతి. బతుకమ్మ పేర్చుటకు మన యాడుబిడ్డలు గుమ్మడిపూలు కోయుదురు. మగపూలు కోసినచో పంటకు నష్టము లేదు. తేనెటీగల పనికై పాదునకు కొన్ని మిగిల్చిన చాలును. పిందె గలిగిన పువ్వును కోసినచో ఒక కాయ పోయినట్లే. ఇంటివారికి ఈ భేదమును చూపియుంచుడు. గుమ్మడి మొట్టమొదట మగపూలనే పూయును. ఆడుపూలు కొన్ని దినములు వెనుకగా వచ్చును. ఆ మొదటి పూలు రాలుట చూచి బెదరి యెరువు వేయబోకుడు. అది మొక్క స్వభావమే గాని రోగము గాదు.

మరి మనవారికి యూరియాపై నింత మోజు ఏల? రైతు తెలివిలేనివాడగుటచే గాదు. 1992వ సంవత్సరము ఆగస్టు మాసమున భాస్వరము, పొటాషు ఎరువుల ధరలపై సర్కారు నియంత్రణము తొలగింపబడెను. యూరియా ధర మాత్రము నియంత్రణములోనే యుంచబడెను. నాటినుండి యూరియా చవుక, తక్కినవి ప్రియము. పైగా యూరియా వేసిన నాలుగైదు దినములకే ఆకు నల్లబడి కంటికి గుణము కనబడును. భాస్వరము చేయు మేలు భూమిలో వేళ్ళయందు జరుగును. దానిని చూచువా రెవరు? చవుకయు, కంటికి కనబడునదియు నగు వస్తువు వైపు చేయి పోవుట సహజము. ఎరువుల సొమ్ము బరువుల చేటని మనవారి సామెత. అది అరువు తెచ్చికొన్న నగలను గూర్చి పుట్టిన మాటయే యైనను, చేనికి అక్కఱలేని యెరువునకును చక్కగా సరిపోవును.

ఇక భాస్వరము. మీ ప్రాంతమున అధిక భాగము నల్లరేగడి. ఈ నేల నీటిని పట్టియుంచుటలో సాటిలేనిది. శనగయు, జొన్నయు మంచుతోనే పండుట దీని గొప్పయే. కాని దీనియందు సున్నపు పాలు హెచ్చు. దున్నునపుడు తెల్లని సుద్దగడ్డలు పైకి వచ్చుట మీరు చూచియున్నారు. భాస్వరపు టెరువును ఇట్టి నేలపై వెదజల్లినచో అది సున్నముతో కలిసి గట్టిపడి, వేరునకు అందని రూపమునకు మాఱును. మీరు కొన్న బస్తా మీ చేనిలోనే యుండును. మొక్క మాత్రము ఆకలితో నుండును. కావున రేగడిలో భాస్వరమును పైపైన చల్లరాదు. విత్తు పెట్టుటకు ముందే గుంతలో బాగుగ మాగిన పశువుల పెంటతో కలిపి వేయవలెను. పెంట కుళ్ళునపుడు పుట్టు ఆమ్లములు భాస్వరమును కొంతకాలము సున్నమునకు చిక్కనీయవు. లేత వేరు సాగిన వెంటనే దానికి ఆహారము దొరకును. భాస్వరము చాలిన పాదు వేరు లోతుగా పాతుకొనును, పూత త్వరగా వచ్చును, పిందె నిలుచును. చాలని పాదు ఆకులు చిన్నవై, కాంతిలేని ముదురు పచ్చగా, ఒక్కొక్కప్పుడు ఊదా చాయ తిరిగి, మొక్క గిడసబారి యుండును. అట్టిదానికి తరువాత పైనుండి వేసిన భాస్వరము వలన ఫలము స్వల్పము. ఈ యెరువు విషయమున ఆలస్యమైనది తిరిగి రాదు.

దుకాణమున మీకు సాధారణముగా దొరకునవి రెండు. 50 కిలోల డి.ఏ.పి. బస్తాలో 23 కిలోల భాస్వరము, 9 కిలోల నత్రజని యుండును. 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు బస్తాలో భాస్వరము 8 కిలోలే యైనను, దానితోపాటు 5 కిలోలకు పైగా గంధకము కూడ వచ్చును. పాదులకు నా యోటు సూపర్ ఫాస్ఫేటునకే. బరువు మోయుట కష్టమని డి.ఏ.పి. తెచ్చువారు అందలి నత్రజనిని తమ యూరియా లెక్కనుండి తగ్గించుకొనవలెను; ఈ తగ్గింపును చేయువారిని నేను అరుదుగా చూచితిని. గంధకము నేలలో వేసిన ఆహారమే గాని, గంధకపు పొడిని పాదుల ఆకులపై చల్లరాదు. ఇతర పైరులకు బూడిద తెగులు మందుగా పనిచేయు నా పొడియే గుమ్మడి జాతి యాకులను మాడ్చివేయును.

పొటాషు కాయ బరువునకు, తీపికి, నిలువకు ఆధారము. గుమ్మడి జాతి మొక్కలు నేలనుండి నత్రజనికంటెను పొటాషునే యెక్కువగా లాగుకొనును. ఇది కొరవడినచో ముదురాకుల అంచులు కాలినట్లు ఎండును. రేగడిలో పొటాషు స్వతస్సిద్ధముగనే బాగుగ నుండును గనుక మీలో చాలమందికి కొద్దిపాటి మోతాదు సరిపోవును. మంజీర యొడ్డున ఇసుకపాలు గల ఒండ్రు నేలలు, మెట్టపైనున్న ఎఱ్ఱ చెలకలు గలవారు మాత్రము దీనిని విడువరాదు. పొయ్యి బూడిదలో పొటాషు కలదని పెద్దలు పాదులో చల్లుదురు. చెలక నేలకు అది మంచిదే. రేగడి మొదలే చౌడు గుణము వైపు మొగ్గియుండును గనుక అక్కడ బూడిద వలదు. పెంటకుప్పలో బూడిద కలుపుట ఏ నేలవారికిని తగదు; కుప్పలోని నత్రజని ఘాటు వాసనగా గాలిలో కలిసిపోవును.

తక్కిన చిల్లర పోషకములను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. సున్నపు నేలలో లేతాకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రము పచ్చగా నున్నచో అది ఇనుము కొరత. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లవలెను. లేతాకులు చిన్నవై మచ్చలు గట్టినచో జింకు కొరత. లీటరునకు 2 గ్రాముల జింకు సల్ఫేటు చాలును. జింకును భాస్వరపు టెరువుతో కలిపి వేయరాదు. బోరాను సంగతి మాత్రము పాదులు పెట్టువారు మఱవదగినది గాదు. మొక్క 2 నుండి 4 ఆకులు వేసిన దశలో లీటరు నీటికి 3, 4 గ్రాముల బోరాక్సు కలిపి ఆకులపై పిచికారి చేసినచో ఆడుపూలు హెచ్చుగా పూయునని వ్యవసాయశాఖ వారి సిఫారసు. ఖర్చు మిక్కిలి తక్కువ. మేలు చేయుచున్నది గదాయని మోతాదు పెంచినచో ఆకు మాడును. బోరాను విషయమున మేలునకును కీడునకును నడుమ సందు చాల ఇరుకు.

కాయ తుదియందు నల్లబడి కుళ్ళుట సున్నపు కొరత యని పుస్తకములలో నుండును. సుద్దగడ్డలు తేలు నేలలో సున్నమునకు కొరత యెక్కడిది? ఇక్కడ అది చాలవరకు తడి యెగుడుదిగుడులగుట వలనను, నత్రజని అతియగుట వలనను కలుగును. వారము దినములు ఎండబెట్టి ఒక్కమారుగా నీరు నింపినచో సున్నము కాయ కొనవరకు అందదు. అట్టి చేనికి సున్నము కొనుట వృథా. నీటిని క్రమముగా ఇచ్చుడు.

ఇక మోతాదు. ఎకరమునకు 6 నుండి 8 టన్నుల పశువుల పెంట, 32 నుండి 40 కిలోల భాస్వరము, 16 నుండి 20 కిలోల పొటాషు మొదటనే నేలకు చేరవలెను. నత్రజని 32 నుండి 40 కిలోలు. దీనిని రెండు సమభాగములు చేసి, విత్తిన 25, 30 దినములకు ఒకమారు, పూత పిందె దశలో రెండవమారు వేయవలెను. మీలో గుమ్మడిని ఎకరములకొలది వేయువారు కొలదిమందియే గనుక గుంట లెక్క చెప్పెదను. 40 గుంటలు ఎకరము గదా. వరుసకు వరుసకు 3 మీటర్లు, పాదునకు పాదునకు 1 మీటరు ఎడముంచినచో గుంటకు 33 పాదులు వచ్చును. గుంటకు సూపర్ ఫాస్ఫేటు 5 కిలోలు, అనగా పాదునకు 150 గ్రాములు. మ్యూరేటు ఆఫ్ పొటాషు గుంటకు 800 గ్రాములు, పాదునకు 25 గ్రాములు. యూరియా పై హద్దున తీసికొన్నను గుంటకు రెండు దఫాలకు కలిపి 2 కిలోల 200 గ్రాములే; పాదునకు దఫాకు 33 గ్రాములు. పెంట పాదునకు 5, 6 కిలోలు. ఇంటనున్న యొక చిన్న గిన్నెలో 33 గ్రాముల యూరియా తూచి పోసి, ఆ మట్టమున గీత గీసికొనుడు. నేను పెరటిపాదునకు వారమువారమును వేసిన గుప్పెడు ఆ గీత కెంత పైనుండెనో తలచుకొన్నపుడెల్ల నాకు సిగ్గగును.

యూరియాను మొదలునకు ఆనించి వేయరాదు. కాండమునకు జానెడు దూరమున చుట్టును చిన్న గాడి తీసి, అందు వేసి, మన్ను కప్పి, వెంటనే నీరు పెట్టవలెను. పొడి రేగడిపై చల్లి విడిచినచో అందలి నత్రజనిలో కొంత అమ్మోనియా యను వాయువై ఎగిరిపోవును. వానపై ఆధారపడినవారు పదును చూచి వేయవలెను. పెసర గాని మినుము గాని పండించి, దాని కట్టెను అదే మడిలో కలియదున్నినవారు నత్రజనిని తక్కువ హద్దుననే వేసి చూడవచ్చును; ఆ వేళ్ళ బుడిపెలయందు చేరిన సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని ఊరకనే తెచ్చి పెట్టియుండును.

2015వ సంవత్సరమున మన పొరుగుననే సదాశివనగరు చెరువు వద్ద మిషన్ కాకతీయ పనులు ప్రారంభమైన నాటినుండి పూడికమన్ను తోలుకొనుట పలుచోట్ల ఆచారమైనది. ఎఱ్ఱ చెలకకు, ఇసుక నేలకు ఆ మన్ను వరము. రేగడికి మరల రేగడిని తోలుటకు బండి కిరాయి వ్యయపఱచుట నాకు సమ్మతము గాదు. ఆ రూకలతో రెండు రాత్రులు గొఱ్ఱెల మంద పెట్టించుట మేలు.

ఇంతయు చేసినను కాయ నిలువనిచో, ఎరువులతో సంబంధము లేని కారణములు మూడు కలవు. మొదటిది నీరు నిలుచుట. రేగడిలో రెండు దినములు నీరు నిలిచినచో వేరునకు ఊపిరాడక ఆకు పసుపగును. అది ఆకలి గాదు, కాలువ తీయుడు. రెండవది వెఱ్ఱితెగులు. ఆకు ముడుతలుపడి పసుపు పచ్చల కలగలుపు అగును. దీనికి ఏ యెరువును మందు గాదు, ఆ పాదును పెఱికి దూరముగా పారవేయవలెను. మూడవది తేనెటీగలు లేకుండుట. గుమ్మడిపువ్వు తెల్లవారుజామున విచ్చి, ప్రొద్దెక్కుసరికి ముడుచుకొనును. ఆ కొద్ది గంటలలో మగపువ్వు పుప్పొడిని ఈగ తెచ్చి ఆడుపువ్వునకు అంటించవలెను. అంటనిచో పిందె పసుపు తిరిగి రాలును. పురుగుమందును ఉదయమున చల్లువాడు తన పంటకు పనిచేయు కూలీలను తానే చంపుకొనుచున్నాడు. చల్లక తప్పనిచో సాయంకాలమున చల్లవలెను. ఈగలు కనబడనిచో, తెల్లవారగనే విచ్చిన మగపువ్వును కోసి, దాని రేకులు తీసివేసి, లోని పుప్పొడి కాడను ఆడుపువ్వు నడుమ మెల్లగా రాయుడు. గుంటెడు మడికి ఇది యొక గడియ పని.

కంది చేని యజమానునకు నేనేమి చెప్పితినని మీరడుగవచ్చును. యూరియా బస్తాను దుకాణముననే యుంచుమంటిని. మరునాటి తెల్లవారుజామున మడిలోనికి పోయి ఆడుపూ లెన్ని, మగపూ లెన్ని యని లెక్కింపుమంటిని. ఆడుపూలుండి పిందెలు రాలుచున్నచో చేతితో పుప్పొడి యంటింపుమంటిని. ఆడుపూలే లేనిచో నత్రజని మాని, నీరు కొంత బిగబట్టి, పది దినములు ఓర్చుకొనుమంటిని. ఆయన మనస్సున సందేహము తీరలేదని ముఖము చూడగనే తెలిసినది. సందేహించుట రైతునకు తప్పు గాదు. నష్టపడునది ఆయన గాని నేను గాను గదా.

కావున మీలో ప్రతివారిని నేను కోరునది ఇది. రానున్న విత్తుకాలమునకు ముందు, మడిలో ఎనిమిది పది చోట్ల పైచెత్త తీసివేసి, జానెడు లోతు గుంత త్రవ్వి, గుంత ప్రక్కనుండి పైనుంచి క్రిందికి పలుచని మట్టిపొర తీయుడు. అన్నియు కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో మట్టిని గుడ్డసంచిలో కట్టి, పేరు, సర్వే నంబరు వ్రాసి వ్యవసాయ విస్తరణాధికారికి ఇండు. పెంటకుప్ప యున్న చోటను, గట్టు ప్రక్కను, చెట్టు క్రిందను తీసిన మట్టి పనికిరాదు. పరీక్షా ఫలితము వచ్చిన పిదప మోతాదును దానికి తగినట్లు దిద్దుకొనుడు. పాదులు పెట్టినపుడు రెండు వరుసలకు నేను చెప్పిన లెక్క ప్రకారము, రెండు వరుసలకు మీ యలవాటు ప్రకారము ఎరువు వేయుడు. వరుసల మొదట కఱ్ఱ పాతి గుర్తుంచుడు. కోసిన ప్రతి కాయను తూచి, ఏ వరుసదో గోడ క్యాలెండరు మీద వ్రాయుడు. కాయను తొడిమతో కోయుట మఱవకుడు, తొడిమ యూడిన కాయ నిలువయుండదు. దసరా దాటిన పిమ్మట నేను మరల బిచ్కుందకు వచ్చెదను. అప్పుడు ఆ క్యాలెండరు కాగితమును వెంట తీసికొని రండు.